గుట్టను పగులగొట్టి గుట్ట పేరు పెట్టుట

హైదరాబాదు నగరమునుండి పడమటికి గాని దక్షిణమునకు గాని నాలుగు మైళ్లు ప్రయాణము చేసినవారికి బాటకిరువైపుల తాటిచెట్టంత యెత్తున నిలిచిన ప్రకటనపలకలు కనబడక మానవు. ప్రకృతి యొడిలో నివాసమట. సరోవరతీరమున సౌధమట. కొండకొమ్మున కాపురమట. బొమ్మలో నీలిరంగు నీరు, లేతపచ్చిక, నవ్వుచున్న బిడ్డలిద్దఱు. ఆ పలకను దాటి లోనికి బోయి చూచినవారికి గానవచ్చునది వేఱు: త్రవ్విపోసిన ఎఱ్ఱమట్టి, పేలుడుమందుచే చీల్చబడిన రాతితునకలు, ఇనుపకడ్డీల మోపులు. సరోవరమేదని యడిగినచో కాపలావాడు చేయెత్తి చూపునది యొక మురుగుమడుగు. కొండయేదని యడిగినచో వాడు నవ్వును. ఆ కొండ కంకరయై మనము నిలిచిన బాటక్రిందనే పరువబడియున్నది.

ఈ పేటలకు పెట్టు పేర్లను గూర్చి ఒకమాట చెప్పక పోలేము. తెలుగుదేశపు నడిబొడ్డున కట్టు ఇండ్లకు పేర్లన్నియు ఇంగ్లీషువే. ఒకదాని పేరులో 'లేక్', ఒకదాని పేరులో 'హిల్', ఇంకొకదాని పేరులో 'మెడో'. పోయిన తాతపేరు మనుమనికి పెట్టుకొనుట మన యింటి యాచారమే. కాని తాతను పొడిచినవాడే ఆ పేరు తన వాకిట తగిలించుకొనుట ఎక్కడి యాచారమో మాకు దెలియదు.

ఇండ్లు కట్టవలదని మేము చెప్పుటలేదు. నగరము పెరుగుచున్నది, పల్లెలు విడిచి వచ్చినవారికి తలదాచుకొన గూడు కావలెను. మా తగవు క్రమమును గూర్చినది. ముందు నేలను చదివి, నీరు ఎటు పారునో, రాయి ఎక్కడ లేచినదో, చెట్టు ఎక్కడ పట్టినదో తెలిసికొని, మిగిలిన తావున ఇల్లు కట్టుట ఒక పద్ధతి. ముందు కాగితముపై చదరపుగీతలు గీచి, గీతకడ్డమైన గుట్టను పేల్చి, గుంటను పూడ్చి, పిదప కుండీలలో విదేశపు మొక్కలు తెచ్చిపెట్టుట వేఱొక పద్ధతి. మొదటిది గృహనిర్మాణము. రెండవది వట్టి భూమివ్యాపారము. అదియే నేడు మనకు అభివృద్ధి యను పేర అమ్మబడుచున్నది.

ముందుగా ఆ రాళ్ల సంగతి వినుడు. హైదరాబాదు చుట్టునున్న గ్రానైటు శిలలు భూమిమీది మిక్కిలి ప్రాచీనమైన శిలలలో చేరినవి. సుమారు 250 కోట్ల సంవత్సరములక్రిందట భూగర్భమున కరగియుండిన పదార్థము చల్లారి గడ్డకట్టినది. పైనున్న పొరలు యుగయుగములుగా కొట్టుకొనిపోగా అది బయటపడినది. దానియందలి నెఱ్ఱెలవెంట నీరు దిగి, మూలలు మెత్తబడి రాలి, గుండ్లు గుండ్రనై, ఎవరో పేర్చినట్లు ఒకదానిపై నొకటి నిలిచినవి. ఏ శిల్పియు ఉలి పట్టలేదు. ఒక్క జీవితకాలములో వానిని తిరిగి చేయగల ప్రభుత్వము గాని, శ్రీమంతుడు గాని ఈ లోకమున లేడు. పేల్చుటకు మాత్రము ఒక మధ్యాహ్నము చాలును.

అవి కంటికింపుగా నుండుటకు మాత్రమే యున్నవని తలపవలదు. మనది గట్టిరాతి సీమ. కృష్ణా గోదావరీ డెల్టాలలోవలె లోతైన ఇసుకపొరలలో ఇక్కడ నీరు నిలువయుండదు. గుండుపై పడిన వాన జారి, గుండ్లసందులనున్న మంటిలోనికి దిగి, మొరపనేలలో కొంత, రాతినెఱ్ఱెలలో కొంత దాగి, పల్లమందలి కుంటకు, బావికి మెల్లమెల్లగా ఊరును. గుండ్లసందున మొలచిన సీతాఫలపుచెట్టు వేరుతో ఆ మంటిని పట్టియుంచును. గుట్టను చదునుచేసి సిమెంటు పరచినవాడు ఈ యంత్రమును ముక్కలుచేసినాడన్నమాట. అదే వాన ఇప్పుడు గడియలో వీధిబడి, పల్లపుపేటలోని కూలివాని గడపదాటి లోనికి వచ్చును. మెరకపైనున్న మేడవాని వేడుకకు మూల్యము పల్లమున నున్నవాడు చెల్లించుచున్నాడు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో నగరము మునిగినప్పుడు ఈ లెక్క అందఱకును కనబడినది. నీరు తన పాతదారినే వచ్చినది. ఆ దారిలో ఇండ్లున్నవని దానికెవరును చెప్పలేదు.

మన పూర్వులు ఈ నేలను చదువనేర్చినవారు. కాకతీయుల కాలమునాటి గొలుసుకట్టు చెరువుల రహస్యమదియే: ఎగువచెరువు నిండి అలుగుపారిన నీరు వాగుబట్టి దిగువచెరువున చేరును, అది నిండినచో దాని క్రిందిదానికి. ఊరు వెలసిన తావును చూడుడు. కట్టకు దిగువ పొలము, పొలము ప్రక్క మెరకపై ఊరు, ఊరివెనుక గుట్ట, గుట్టపై దేవుడు. గుట్టపై దేవుడుండుటచే దానిని పగులగొట్టు సాహసమెవ్వడును చేయలేదు. మన గ్రామదేవతలు నేటి కచ్చేరులకంటె గట్టి కాపలాదార్లు. చెరువులో నీరు తగ్గినప్పుడు తేలు శిఖం భూమిలో ఒక పైరు తీసికొనవచ్చును గాని ఇల్లు కట్టరాదు. పూర్వులందఱు పుణ్యమూర్తులని మా వాదము గాదు. ఆ చెరువుకట్టలు పోయుటకు మట్టితట్ట మోసినవారెవరో, నీరు మొదట ఎవరి పొలమున పారెనో మాకు దెలియును. కాని దొర యైనను, కూలి యైనను చెరువును పూడ్చి బాగుపడుదుమని ఆనాడు ఎవ్వరును తలపలేదు.

గోలకొండ ప్రభువులును ఈ మార్గమునే నడచిరి. దుర్గంచెరువు నీరు గోలకొండకోటకు పోయెను. 1562లో హుస్సేన్‌సాగరము కట్టబడినది. 1591లో నగరము వెలసినది. అనగా ముందు చెరువు, తరువాత ఊరు. నగరములో ఎన్ని పేటలపేర్లు 'బాగ్' అని ముగియుచున్నవో లెక్కించిన, అది తోటల నడుమ పుట్టిన ఊరని తేటపడును. నేడు పేర్లు మిగిలినవి. మాసాబ్ ట్యాంకు అను తావున ట్యాంకు లేదు. అక్కడ బస్సుదిగు పిల్లవాడు ఆ పేరెందులకు వచ్చినదని తండ్రి నడిగినచో తండ్రి యేమి చెప్పును?

ఇక మూసీనది కథ. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెను. ఇంచుమించు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజి చెంత నేటికిని ఆసుపత్రి ఆవరణలో నిలిచియున్న చింతచెట్టుకొమ్మల నెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. ఒక్క చెట్టు! ఆనాడెవడో రోడ్డువెడల్పునకై దానిని కొట్టివేసియున్నచో ఆ నూటయేబదిమంది వంశములు లేవు. ఆ విపత్తు పిమ్మట ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. ఆయన గట్లు ఎత్తుచేయుటతో తృప్తిపడలేదు. నగరమునకు ఎగువనే వరదను పట్టి యుంచవలెనని చెప్పెను. ఆ సలహాననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. ఇవి మొదట వరదను ఆపుటకు పుట్టినవి. త్రాగునీరు ఇచ్చుట వాని రెండవ ధర్మము. ఈ వరుసను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. నేటి మోసమంతయు దీనిని తలక్రిందుచేయుటలోనే యున్నది.

ఈ రెండు జలాశయములకు నీరుచేర్చు సీమను కాపాడుటకై 1996 మార్చి 8వ తేదీన 111వ నంబరు ఉత్తరువు వెలువడెను. జలాశయములచుట్టు 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామములు, లక్షా ముప్పదివేల ఎకరములకు పైబడిన భూమి. అందు నూటికి తొంబదివంతులు వ్యవసాయము, తోటలు, విహారస్థలముల కొఱకే యుండవలెను. కర్మాగారములు, పెద్దహోటళ్లు కూడవు. కొత్తగా వేయు లేఅవుట్లలో నూటికి అరువదివంతులు ఖాళీస్థలమునకును బాటలకును విడువవలెను. ఇల్లు కట్టినచో అన్ని అంతస్తుల వైశాల్యము కలిపినను స్థలములో సగమునకు మించరాదు. చూచితిరా! ప్రకృతిని నడుమనుంచి దానిచుట్టు మనుష్యులు ఎట్లు వసింపవలెనో తెలుపు నిబంధన మనదేశమున, మనభాష మాటలాడు సీమలో, పాతికయేండ్లకు పూర్వమే వ్రాయబడియున్నది. పొరుగుదేశమునుండి నిపుణుని తెప్పింప బనిలేదు.

ఆ హద్దులలో ఒక నూనె కర్మాగారమునకు ప్రభుత్వము మినహాయింపు ఇచ్చినప్పుడు వ్యవహారము అత్యున్నత న్యాయస్థానము దాక బోయెను. త్రాగునీటికి హాని కలుగునో కలుగదో తెలియనప్పుడు, కలుగదని నిరూపించు భారము కట్టువానిదే గాని నీరు త్రాగువానిది గాదని న్యాయమూర్తులు తేల్చిరి. 2000 సంవత్సరమున ఆ మినహాయింపు చెల్లదనిరి. ఇంతకంటె స్పష్టమైన మాట ఏ ధర్మశాస్త్రమందును దొరకదు.

ఏమైనది? 2022 ఏప్రిలులో 69వ నంబరు ఉత్తరువుచే ఈ కట్టడి సడలింపబడెను. 2023 మే నెలలో నాటి మంత్రివర్గము 111వ ఉత్తరువును పూర్తిగా నెత్తివేయ నిశ్చయించినట్లు ప్రకటించెను. చెప్పిన కారణమేమి? నగరమునకు నేడు నీరు కృష్ణనుండి, గోదావరినుండి, మంజీరనుండి వచ్చుచున్నదట. ఈ రెండు చెరువులు ఇచ్చునది లెక్కలోనికి రానంత యల్పమట. కావున వానిచుట్టు కట్టడి యనవసరమట. వరదను ఆపుటకు పుట్టినవని మేము పైన చెప్పినదానిని ఈ వాదముపై నుంచి చూడుడు. అన్నము మఱొకయింటినుండి వచ్చుచున్నదని మన యింటిగోడను పడగొట్టుకొందుమా? పైగా ఆ నీరు వచ్చుదూరమెంత? వందమైళ్లకు పైబడి దూరమునుండి గొట్టములలో, విద్యుచ్ఛక్తితో ఎత్తిపోసి గోదావరిని తెచ్చుచున్నాము. ఇంటివాకిట దానంతట అది పారివచ్చు నీటిని మురికిచేసికొని, దూరదేశపు నీటికై చేయిచాచుటను స్వాతంత్ర్యమని పిలువలేము.

ఇచ్చట ఒక వర్గము మాటను మేము గౌరవముతో వినవలసియున్నది. వారు ఆ 84 గ్రామముల రైతులు. వారి ప్రశ్న సూటియైనది. నగరము చల్లగా నుండుటకు, నగరము మునుగకుండుటకు మా భూమినేల బంధించితిరి? ప్రక్కయూరివాడు ఎకరమును కోట్లకు అమ్ముకొని బిడ్డపెండ్లి చేసినాడు. హద్దు కివతలనున్న నేను అదే నేలను దున్నుచు అప్పులపాలగుచున్నాను. నా బిడ్డకు పెండ్లికాదా? ఈ ప్రశ్నకు బదులు చెప్పక ప్రకృతిరక్షణను గూర్చి ఉపన్యసించువాడు పట్టణపు మెట్టపై కూర్చున్న సుఖజీవి. ఇన్నియేండ్లు ఏ ప్రభుత్వమును దీనికి సరియైన బదులు చెప్పలేదు. అందువలననే ఉత్తరువు శత్రువులు రైతును ముందు నిలిపి వెనుకనుండి యుద్ధము చేయగలిగిరి. ఆ యూళ్లలో భూములు కొన్నియేండ్లుగా ఎవరి చేతులకు మారినవో, ఎత్తైన ప్రహరీల వెనుక ఎవరి తోటబంగళాలు లేచినవో పట్టణమంతకు దెలిసినదే.

రైతునకు న్యాయము చేయుట కష్టమైన విద్య గాదు. నీటి రక్షణవలన మేలు పొందువాడు నగరవాసి. కావున మూల్యము అతడే చెల్లింపవలెను. కట్టుకొనుటకు హక్కులేని భూమి యజమానికి, కట్టదగిన తావున కట్టుకొను హక్కును పత్రరూపమున ఇచ్చి, దానిని అతడు మేడలు కట్టువారికి అమ్ముకొనునట్లు చేయవచ్చును. రోడ్లకు, చెరువులకు పోయిన భూముల విషయమున ఇట్టి హక్కుపత్రముల పద్ధతి హైదరాబాదులో నడచుచున్నదే. 84 గ్రామములకు దానిని చాలినంతగా విస్తరింపజేసి, కూరగాయలు, పూలు, పాలు పండించువానికి నగరపు బజారులో తావు చూపినచో, రైతు ఆ కట్టడికి శత్రువు గాడు, కావలివాడగును. కౌలుదారునకును, భూమిలేని కూలికిని అందు భాగముండవలెను. లేనిచో హక్కుపత్రము పట్టాదారుని పెట్టెలోనే నిద్రించును.

ఇల్లు కట్టుటయు, నేలను నిలుపుటయు ఒక్కచోట పొసగునా యని సందేహించువారికి ఒక యుదాహరణము. ఫిన్లాండు దేశపు నేలయు మన నేలవంటిదే: గ్రానైటు రాయి, రాతినడుమ చెట్లు, చెట్లనడుమ నీరు. చలి మాత్రము వారిది, ఎండ మనది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ఇండ్లకఱవు మిక్కుటము కాగా, 1951లో అచ్చటి కార్మికుల సంఘము, అద్దెదారుల సంఘము మున్నగు ఆరు సంస్థలు కలిసి లాభాపేక్షలేని గృహనిధి నొకదానిని స్థాపించి, హెల్సింకీ నగరము చెంత తపియోలా యను పేటను కట్టిరి. హెయికి ఫాన్ హెర్త్సెన్ అను నాయన దానికి సారథి. లేచిన బండను లేచినట్లే యుంచి, పైన్ చెట్లను నిలిపి, వాని సందుల నేల ఒప్పినచోట ఇండ్లు నిలిపిరి. అది ధనవంతుల విడిది గాదు. కూలివాడును, ఉద్యోగియు, ఆచార్యుడును ఇరుగుపొరుగున కాపురముండవలెనని కట్టినది. తపియో యనగా వారి పురాణములలో వనదేవత. వారును గుట్టపై దేవుని నుంచుకొన్నవారే యన్నమాట!

'గార్డెన్ సిటీ' యను మాట నేడు మన వర్తకుల నోట నానుచున్నది గనుక, ఆ మాటను ప్రచారములోనికి తెచ్చినవా డేమి చెప్పెనో తెలిసికొనుట మంచిది. ఎబినీజర్ హోవర్డు అను ఇంగ్లీషువాడు 1898లో ప్రకటించిన ప్రణాళికలో 6,000 ఎకరములు. అందు ఊరు 1,000 ఎకరములు మాత్రమే. మిగిలిన 5,000 పొలములు, తోటలు, అడవులు. 32,000 మందికి మించి ఊరు పెరుగరాదు. ఇదంతయు పైపై సంగతి. అసలు కీలకము భూమి యెవరిదను దానిలో నున్నది: నేలయంతయు ఊరి యుమ్మడి సొత్తుగా నుండవలెను, ఊరు వృద్ధియైనకొలది పెరుగు భూమివిలువ ఏ యొక్కని సంచిలోను పడక ఊరికే తిరిగి రావలెను. 1903లో లెచ్‌వర్తు పట్టణము ఆ సిద్ధాంతముపై మొదలయ్యెను. మన వర్తకులు అందులోని తోటను పట్టుకొని భూమిని విడిచిరి. వరినూర్చి గడ్డిని ఇంటికి దెచ్చుకొని ధాన్యమును కళ్లమున వదలిన కాపువలె. గడ్డి మనకు, ధాన్యము వారికి యనుట ఇంకను సరియైన మాట.

దోమలు చేరునని, వ్యాధులు పుట్టునని కుంటలను పూడ్చుట ఇంకొక వాడుక. 1914లో ఈ దేశమునకు వచ్చి ఎన్నో ఊళ్లను కాలినడకను చూచిన పాట్రిక్ గెడ్డిసు దీనికి ఆనాడే బదులు చెప్పెను. చెరువు గాలిని చల్లబరచును; దోమపిల్లలను తినుటకు చేపలను, బాతులను విడువుడని ఆయన పురపాలకులకు చెప్పెను. నూఱేండ్లు గడచినను మన యింజనీర్లు చేపకంటె లారీమట్టినే నమ్ముచున్నారు.

నిలిపిన ప్రకృతి ఎవరి కొఱకు? ఇది మాకు అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. కొందఱు వర్తకులు ఇప్పుడు తెలివిమీరి, చెరువును పూడ్చుట మాని, దానిని తమ ప్రహరీలోపలికి తీసికొనుచున్నారు. ద్వారమున కావలివాడు. లోపల నడకబాట, దీపములు, బల్లలు. చెరువు బ్రతికినదని సంతసింపవలసినదేనా? చెరువుకట్టపై బట్టలుతుకు చాకలి ఎక్కడికి బోవును? చేపలు పట్టు బెస్తవాని వల ఏమగును? గొల్లవాని గొఱ్ఱెలు ఎక్కడ నీరుత్రాగును? అన్నిటికంటె బతుకమ్మ! ఆ పండుగ యేమో ఆలోచింపుడు. గుట్టవాలున, బీడునేలను పూచిన తంగేడు, గునుగు ఏరితెచ్చి, పేర్చి, ఆడి, చెరువులో విడుచుదురు. బీడు లేక పువ్వు లేదు. చెరువు లేక వీడ్కోలు లేదు. దానిని ప్రహరీలోపల బంధించినవాడు తెలంగాణపు ఆడుబిడ్డ పుట్టింటిదారిని మూసినాడు. అంబరుపేటలో బతుకమ్మకుంట యను కుంట పూడిపోయి, ఆక్రమణలపాలై, పేరు మాత్రమే మిగిలియుండగా, 2025లో త్రవ్వినప్పుడు నీరు ఊరి పైకివచ్చినది. ఆ కుంట పునరుద్ధరింపబడినది. నేల తన జ్ఞాపకమును అంతసులభముగా విడువదని ఆనాడు నగరము కన్నులార చూచినది. ప్రభుత్వము చేసిన మంచిపనిని మంచిదనుటకు మాకు సంకోచము లేదు.

అదే సంవత్సరము, అదే ప్రభుత్వము! కంచ గచ్చిబౌలియందు విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న 400 ఎకరముల పొదలు, గుండ్లు, కుంటలుగల భూమిని వేలమువేయ దలచి, మార్చి చివర సెలవుదినములలో యంత్రములను దింపిరి. కొలదిదినములలో నూఱు ఎకరముల మేర చెట్లు కూలినవి. విద్యార్థులు అడ్డుపడిరి, కొందఱు పట్టువడిరి. 2025 ఏప్రిలు 3వ తేదీన అత్యున్నత న్యాయస్థానము తనంతట తానే కలుగజేసికొని ఆ పనిని ఆపించెను. భూమిపై హక్కు విశ్వవిద్యాలయముదా, ప్రభుత్వముదా యను తగవొకటి యున్నది. దానిని మేము తిరుగదోడము. హక్కుపత్రము చేతనున్నంతమాత్రమున గుట్టను చంపుటకు అధికారము వచ్చునా యనునదే ప్రశ్న. కంచ యను మాటకే అర్థము పశువులు మేయు కంచెనేల యని. ఊరుమ్మడి నేలను ప్రభుత్వము ధర్మకర్తగా ఏలవలెను గాని వేలమువాడుగా అమ్మరాదు. అన్నిటిలోను విచారింపదగినది ఆ తొందర. పగలు పదిమందిలో చేయదగిన పనియైనచో, సెలవులలో దీపములు పెట్టుకొని చేయనేల?

ఇది తెలంగాణపు రోగము మాత్రమే గాదు. విశాఖపట్టణమునకును భీమునిపట్టణమునకును నడుమ సముద్రపుటొడ్డున వేలయేండ్లు గాలియు నీరును కూర్చిన ఎఱ్ఱమట్టిదిబ్బలు 2014లో జాతీయ భూవారసత్వస్థలముగా ప్రకటింపబడినవి. 2024లో ఇండ్లస్థలములకై వాని చెంతనే యంత్రములు నేలను చదునుచేయ మొదలిడినవి. పత్రికలు గోలపెట్టినపిదప గాని పని ఆగలేదు. రాష్ట్రములు రెండైనను కాంట్రాక్టరు బుద్ధి యొక్కటియే.

కావున మేము కోరునదేమి? ప్లాట్ల పటము గీయుటకు ముందు నేల పటము గీయబడవలెను. ఏ లేఅవుటు అనుమతికి వచ్చినను, అందలి వాగులు, కుంటలు, అలుగులు, గుండ్ల గుంపులు, పెద్దచెట్లు మొదట గుర్తింపబడి, ఊరివారియెదుట చదువబడి, వారి యాక్షేపణలు వినబడవలెను. నేడు పదింట నొకవంతు ఖాళీగా విడువవలెనను నియమమొకటి యున్నది. దానిని వర్తకుడు ఎక్కడ తీర్చునో చూచితిరా? ఎవ్వరును కొనని మూల, కరెంటుతీగలక్రింద, ముక్కోణపు ముక్క. ఆ భాగమును కాగితమువాడు గాక నేలయే ఎన్నుకొనవలెను: గుట్టయున్నచోట గుట్ట, వాగున్నచోట వాగు. అట్లు విడిచినది పేటవారి సంఘమునకు గాక పంచాయతీకో పురపాలకసంఘమునకో చెంది, ప్రహరీ లేక, అందఱకు నడువ దారియుండవలెను. చెరువుల హద్దుల తుది ప్రకటనలు ఏండ్ల తరబడి నిలిచిపోవుట చాలును. హద్దు తేలని చెరువు చుట్టు అనుమతి ఇచ్చిన యుద్యోగి పేరు అనుమతిపత్రముపై నచ్చువేయబడవలెను. బండను పేల్చుటకు అనుమతి ఇల్లు కట్టు అనుమతిలో దాగియుండక వేఱుగా నుండవలెను.

ఇట్లు కట్టుట ఈ నగరమునకు క్రొత్త గాదు. బంజారాహిల్సు ఇంకను అడవిగానున్న దినములలో మెహదీ నవాజ్ జంగుగారు గుండ్లను పేల్చక, గుండ్లనే గోడలుగా, మూలలుగా చేర్చుకొని ఇల్లు కట్టుకొనిరి. ఆ పిమ్మట వచ్చినవారు ఆయన ఇరుగును కోరిరి గాని ఆయన రుచిని కోరలేదు. 1996లో కొందఱు పౌరులు శిలల రక్షణకే ఒక సంఘమును స్థాపించి, నెలనెల జనులను గుట్టలవెంట నడిపించి చూపుచు వచ్చిరి. కొన్ని శిలాసముదాయములు వారసత్వ స్థలముల పట్టికలో చేర్పబడుట హైదరాబాదుననే జరిగినది. నగరమునడుమ కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనము, మూడువందల యేబది ఎకరములకు పైబడినది, 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడుటచే మిగిలినది. దానిచుట్టు స్థలపు వెలలు చూచినవారికి, ప్రకృతిని నిలిపినచో నష్టమను వర్తకుని మాటలోని నిజమెంతయో తెలియును.

ఇల్లు కొనదలచిన మధ్యతరగతి గృహస్థులతో ఒకమాట. మీరు ఇరువదియేండ్ల సంపాదనను ఒక్క సంతకముతో ధారపోయుచున్నారు. విక్రేత చూపు రంగులపుస్తకమును ప్రక్కనుంచి, ఆ సర్వేనంబరు గల ఊరి పాత గ్రామనక్షాను తహశీలుదారు కచ్చేరినుండి నకలు తీయించుకొనుడు. అందు శిఖమని, వాగని, కుంటయని వ్రాసియున్నదేమో చూడుడు. తరువాత వర్షాకాలములో ఒకదినము, గట్టివాన వెలసిన గంటకు, ఆ స్థలమునకు స్వయముగా బోయి, నీరు ఎటునుండి వచ్చి ఎటు పోవుచున్నదో నిలిచి చూడుడు. బయానా ఆ దినమువఱకు మీ జేబులోనే యుండనిండు.